సెకనులో అయిదువందలవ వంతు

పర్చూరు,
19-1-2007

నాన్నా,

నీకూ అమ్మకూ సలాములు. ఫోనులో నేను "అన్నం తిన్నావా" అంటే నువ్వు "స్టూడియోలోనే ఉన్నా" అంటావు. పక్కనున్న సైదాబీ అత్త నవ్వలేక చస్తుంది. నీ చెవులతో నేను పడలేను. కళ్లు మాత్రం ఇంకా బంగారంలా ఉన్నాయి కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఇది అమ్మకు చదివి వినిపించకు. బేరాలు లేనప్పుడు స్టూడియోలో కూర్చుని ఒక్కడివే చదువు.

నా ఒంట్లో బాగానే ఉంది. పత్తి సీజను ముమ్మరంగా ఉంది. మంచు విడవకముందే మిల్లు గేటు బయట ట్రాక్టర్లు బారు తీరుతున్నాయి. అయిదున్నరకల్లా వెళ్లి టీవీ ముందు కూర్చుంటాను. గేటు దగ్గర, కాటా దగ్గర, పత్తి కుప్పల దగ్గర ఉన్న కెమెరాలన్నీ నా పెత్తనమే. ఏ బండి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది చూసి రాయడం నా పని. డిప్లొమా చదివిన పిల్లనని కెమెరాలు బిగించిన రోజు కూడా ఓనరుగారు నన్నే దగ్గర నిలబెట్టారు. ఇవన్నీ నీకు చెప్పినవే, మురిసిపోతూ చెప్పినవే.

చెప్పనిది ఒకటుంది. నవంబరు చివర మిల్లులో పత్తికుప్ప తగలబడిందని రాశానే, అందులో నా సంగతి దాచాను.

పత్తి మిల్లులో నిప్పంటే ఎంత భయమో నువ్వు చూడలేదు. బీడీ మాట అటుంచు, చెప్పుల కింద మేకులున్నా లోపలికి రానివ్వరు. ట్రాక్టరు పొగగొట్టంలోంచి రవ్వ ఎగిరి పత్తిలో పడుతుందని, గొట్టం మూతికి ఇనప జాలీ కట్టుకుంటేనే గేటు దాటనిస్తారు. వాచ్‌మన్ బాపయ్య చూసి పంపాలి. ఆ రోజు ఇంకా మంచు విడవకముందే బాపయ్య టీకి వెళ్లాడు. గేటు తీసే ఉంది. ఆదెయ్యగారి ట్రాక్టరు డ్రైవరు బుల్లయ్య లోడు తెచ్చి కుప్ప పక్కన దింపాడు. పావుగంట తిరక్కుండా కుప్ప అంచున పొగ లేచింది.

మంటల పక్కనుంచి బండిని బయటకు లాగే హడావిడిలో గొట్టం గోడకు రాసుకుని వంగిపోయింది. తర్వాత చూస్తే దానికి జాలీ లేదు. కట్టాననీ, గోడ తగిలి ఊడిపోయి ఉంటుందనీ బుల్లయ్య మొత్తుకున్నాడు. బూడిదలో వెతికితే ఏం దొరుకుతుంది? అతని భార్య వెంకటరావమ్మ మా మిల్లులోనే పత్తి ఏరుతుంది. తడి గోనెపట్టా పట్టుకుని అందరికన్నా ముందు మంట మీదికి ఉరికింది ఆమే. రెండు చేతులూ మణికట్టు దాకా కాలాయి.

ఆ సాయంత్రం ఓనరుగారు అందరినీ టీవీ ముందు నిలబెట్టి, గేటు దగ్గర పడిన బొమ్మ వేయమన్నారు. వేశాను. నాన్నా, అందులో ట్రాక్టరు లేదు. గోడకు ఎర్రరంగు అలికినట్టు ఒక చార ఉంది. నంబరు లేదు, మనిషి మొహం లేదు. గొట్టం మూతి ఉండాల్సిన చోట ఒకదాని పక్కన ఒకటి ఏడెనిమిది మెరుపు చుక్కలున్నాయి. అవేమిటమ్మాయ్ అని ఓనరుగారు అడిగారు. ముప్ఫైమంది నా నోటి వంక చూస్తున్నారు. అంతమందిలో ఆ యంత్రం సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "నిప్పురవ్వలండి, జాలీ లేదు" అన్నాను. అనుమానంగా కూడా అనలేదు, పాఠం ఒప్పజెప్పినట్టు అన్నాను.

ఆ రోజు నుంచి బుల్లయ్యకు నిప్పు బుల్లయ్య అని పేరు పడింది. ఇంకొల్లు నుంచి మార్టూరు దాకా ఏ మిల్లూ అతన్ని గేటు తొక్కనివ్వడం లేదు. ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి ఇప్పుడు కూలికి పత్తికట్టె పీకుతున్నాడు. వెంకటరావమ్మ అతనితో మాట్లాడటం మానేసిందని మిల్లులో ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. విని నా పని నేను చేసుకున్నాను.

నిన్న పొద్దున చెడిపోయిన ట్రాక్టరునొకదాన్ని తాడు కట్టి లోపలికి లాగారు. దాని ఇంజను చచ్చి రెండు రోజులైంది. టీవీలో చూస్తే దాని మీద కూడా వరసగా మెరుపు చుక్కలు! చల్లారిన ఇంజనులోంచి రవ్వలెలా వస్తాయి నాన్నా? అప్పటినుంచి నాకు నిద్రలేదు, అన్నం సయించడం లేదు. నేను చూడనిదాన్ని చూశానని చెప్పానేమో, ఆ మాట ఒక మనిషిని మింగేసిందేమో.

చిన్నప్పుడు నువ్వు పందెంలో పరిగెత్తే ఎడ్ల ఫొటో చూపించేవాడివి. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టుండేది. కదిలేదాన్ని అలా నిలబెట్టడం ఎలాగో రాయి. ఎవరికీ చెప్పకు.

నీ
ఫర్హానా


ప్రత్తిపాడు,
24-1-2007

అమ్మా ఫర్హానా,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించలేదు. జేబులోంచి తనే తీసి చదివేసుకుంది. కళ్ల నీళ్లు పెట్టుకుంటుందేమో అని చూశాను. ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టి, "కెమెరా సంగతి తరవాత. ముందు ఆ బుల్లయ్య ఇంటికి వెళ్లమను" అని దోసెపిండి రుబ్బుకోవడానికి పోయింది. మీ అమ్మ మాట ఒక ముక్కే, నా మాట మూడు పేజీలు.

ఎడ్ల సంగతి చెప్తాను. నాకు పాతికేళ్లప్పుడు ఒంగోలు వైపు ఒక మోతుబరి తన జత పందెంలో పరిగెత్తుతుంటే ఫొటో తీయమని పిలిపించాడు. కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను. దారి పక్కన నిలబడి, అవి నా ముందునుంచి దూసుకుపోతుంటే నొక్కాను. కడిగి చూస్తే ఎడ్లు లేవు, తెల్లటి మబ్బు ఒకటి పోతోంది. ఆ పెద్దమనిషి చూసి, "ఏమయ్యా బాషా, మా ఎడ్లకి కాళ్లు లేవా" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మరుసటి ఏడు డబ్బులు అడక్కుండా నా అంతట నేనే వెళ్లాను.

ఆ ఏడు నేర్చుకున్నవి రాస్తున్నాను. ఒకటి, పక్కన నిలబడకూడదు. ఎదురుగా నిలబడాలి. పక్కనుంచి పోయేది నీ కళ్ల ముందు బారెడు దూరం జరిగిపోతుంది. నీకు ఎదురొచ్చేది కాస్త పెద్దదవుతుందే తప్ప పక్కకు జరగదు. రెండోది, కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉంచామన్నదే అన్నిటికీ మూలం. ఆ కన్ను తెరిచి ఉన్నంతసేపూ ఎదురుగా ఏది కదిలినా, ఆ కదలికంతా ఒకే ఫొటోలో పేరుకుంటుంది. సెకనులో అయిదువందలవ వంతు మాత్రం తెరిచి మూసేస్తే, ఎద్దు డెక్క నేలకు తాకే లోపలే పని అయిపోతుంది. మూడోది, అంత తొందరగా మూస్తే బొమ్మ చీకటైపోతుంది. అందుకు వెలుతురు దండిగా కావాలి. నేను ఎండ ఎడ్ల మొహాన పడేదాకా పందెం ఆపించాను. ఆ మోతుబరి తిట్టని తిట్టు లేదు. ఫొటో చూశాక మాత్రం డెక్కలు వేలితో లెక్కపెట్టాడు. ఒక ఎద్దువి నాలుగు డెక్కలూ గాలిలో ఉన్నాయి. నేల మీద ఒక్కటీ లేదు. అంతటి బరువైన జీవం ఆ క్షణాన పక్షిలా ఎగురుతోందని మాకెవ్వరికీ అంతకుముందు తెలియదు. నేను ఆ రాత్రి నమాజులో చాలాసేపు తల ఎత్తలేకపోయాను. రోజూ మన కళ్ల ముందు నడిచేవి కూడా మనం చూడలేదన్నమాట అనిపించింది.

ఇక రెండో సంగతి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. నీకు పదేళ్లప్పుడు నెగటివ్ మీద పెన్సిలు పట్టించింది నేనే. ఫొటోలో కళ్లు మూసుకున్న పెళ్లికూతురికి కళ్లు గీయడం, చెదిరిన పెదవికి అంచు దిద్దడం, మసక ఉన్నచోట ఏముండాలో ఊహించి నింపడం నేర్పాను. నీ చెయ్యి నాకన్నా బాగా తిరిగేది, గుర్తుందా? స్టూడియోవాళ్ల బతుకే అది, లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం. పెళ్లి ఫొటోలో అది ముచ్చట. సాక్ష్యంలో అదే పాపం. నువ్వు ఆ రోజు అబద్ధం చెప్పలేదమ్మా, మసకలో బొమ్మ పూర్తి చేశావు. అలవాటైన పని చేశావు. కానీ ఆ మాట చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు.

కెమెరా సరిచేయి. అంతకన్నా ముందు మీ అమ్మ చెప్పింది చేయి.

దువాలతో,
మీ నాన్న
మొహిద్దీన్ బాషా


పర్చూరు,
4-2-2007

నాన్నా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పెన్సిలు సంగతి చదివాక సైదాబీ అత్తకు కనపడకుండా దొడ్లోకి వెళ్లి ఏడ్చాను.

అయినా నేను నీ కూతుర్ని కదా, అమ్మ చెప్పింది వెనక్కి నెట్టి నువ్వు చెప్పిందే ముందు చేశాను. బుల్లయ్య ఇంటికి వెళ్లే ధైర్యం లేక కెమెరా మీద పడ్డాను. మొదట ఒక బుద్ధితక్కువ పని చేశాను. సెకనుకు ఎక్కువ బొమ్మలు తీస్తే ఒక్కటైనా బాగా వస్తుందని రికార్డరులో ఆ లెక్క పెంచాను. పెంచితే అలికిన చారలు ఇంకా ఎక్కువ వచ్చాయి. ముక్కలు ఎన్ని కోస్తే ఏం లాభం, ఒక్కో ముక్కకూ కన్ను ఎంతసేపు తెరిచి ఉందో అదే కదా ముఖ్యం! అప్పుడు కెమెరా వీపున ఉన్న చిన్న మీటలు విప్పి చూశాను. నాన్నా, ఆ తప్పు చేసింది కూడా నేనే. మంచువేళ బొమ్మ మసగ్గా ఉందని ఓనరుగారు విసుక్కుంటే, కన్ను బాగా నెమ్మదిగా మూసుకునేలా పోయినేడు నేనే మీట తిప్పాను. బొమ్మ తెల్లగా వచ్చింది. "తెల్లారకముందే తెల్లారినట్టుందే" అని ఆయన మెచ్చుకుంటే ఉబ్బిపోయాను. ఆ తెలుపు కోసం సెకనులో పన్నెండో వంతు తెరిచి ఉంచాను. ఆ కాస్తలో గేటు దాటే ట్రాక్టరు మూరెడు ముందుకు పోతుంది. ఆ మూరెడూ ఒకదాని మీద ఒకటి అలుక్కుపోతుంది. నువ్వు చెప్పిన అయిదువందలవ వంతులో అదే ట్రాక్టరు గోరంత జరుగుతుంది, అంతే.

కాటా దగ్గరి కెమెరా ఒకటి విప్పి తెచ్చి, రోడ్డుకు ఎదురుగా కొత్త స్తంభం మీద బిగించాను. మీట అయిదువందల దగ్గర పెట్టాను. బొమ్మ నల్లటి దుప్పటి కప్పినట్టైంది. పెద్ద హాలోజన్ దీపాలు కావాలన్నాను. పత్తి దగ్గర అంత కాగే దీపాలా అని ఓనరుగారు ఇంతెత్తున లేచారు. అదీ నిజమే. చివరికి గేటు బయట, గాలివాలుకు పత్తి రాని వైపు, రోడ్డు పక్క స్తంభానికి పెట్టించాను. గేటుకు ముందు మట్టీ కంకరా పోసి చిన్న గట్టు కట్టించాను, బండ్లు నెమ్మదించేలా. ఇదంతా దొంగబండ్ల నంబర్లు పట్టడానికని ఆయనతో చెప్పాను. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

మొన్న పొద్దున ఆరింటికి మొదటి బండి వచ్చింది. నేను బొమ్మ ఆపి చూశాను. ఎలా చెప్పను నాన్నా! టైరు పళ్ల మధ్య ఇరుక్కున్న నల్లరేగడి పెళ్లలు కనిపిస్తున్నాయి. నంబరు ప్లేటు మీద ఎవరో పసుపు పూసిన వేళ్ల గుర్తులు కనిపిస్తున్నాయి. ట్రాక్టరు వెనకున్న ట్రక్కు మీంచి జారిన పత్తి పింజ ఒకటి గాలిలో అలాగే నిలిచిపోయి ఉంది. దాని పోగులన్నీ విడివిడిగా ఉన్నాయి. గేటు మీద పిచ్చుక ఒకటి ఎగరబోతూ రెక్క విప్పింది, ఆ రెక్కలో ఈకలున్నాయి. రోజూ నా ముందునుంచి పోయే బండే. ఇన్ని నెలలు రాసుకున్నాను, ఒక్కసారీ చూడలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. పెద్దవాళ్లెవరో గదిలోకి వచ్చినట్టనిపించింది.

ఆ చుక్కల గుట్టు కూడా తెలిసింది. ఇది వింటే నువ్వు నమ్మవు. మా మిల్లు గేటు మీద ట్యూబులైటు ఉంది, అది వెలుగుతూ ఉండదట. సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతుందట. పాలిటెక్నిక్‌లో చదివిందే, పరీక్షకు రాసి మర్చిపోయాను. మన కంటికి ఆ ఆరడం తెలియదు. దాని కింద మెరిసే వస్తువేదైనా కదిలిందనుకో, కెమెరా కన్ను తెరిచి ఉన్నంతసేపూ వెలిగినప్పుడల్లా ఒక చుక్క పడుతుంది. పన్నెండో వంతు సెకనులో ఎనిమిది చుక్కలు. నేను ఆనాడు చూసినవి ఏడో ఎనిమిదో! అంటే అవి రవ్వలు కాకపోవచ్చు. ఏదో మెరిసే వస్తువు. అదేమిటో బుల్లయ్యకే తెలియాలి.

అప్పటికి గాని అమ్మ మాట వినలేదు నేను. నిన్న సాయంత్రం వెళ్లాను. బుల్లయ్య వాకిట్లో పత్తికట్టె మోపులు దించుతున్నాడు. నన్ను చూసి తువ్వాలు భుజం మీంచి తీసి నిలబడ్డాడు. నాన్నా, నా మొహాన ఉమ్మేసినా పడి ఉందామనుకుని వెళ్లాను. ఆయన అరుగు తుడిచి కూర్చోమన్నాడు. నేను గబగబా అంతా చెప్పేశాను. నాకు సరిగ్గా కనపడలేదనీ, కనపడినట్టు చెప్పాననీ. ఆయన మోపు తాడు చుట్టి పక్కన పెట్టాడు. తరవాత నా కన్నా నెమ్మదిగా అన్నాడు:

"జాలీ కట్టాననే అనుకున్నా పాపా. కెమెరా చూసిందన్నారు. అది అబద్ధమాడదుగా. దారిలో ఎక్కడో ఊడిపోయుంటది, నేనే చూసుకోలా అనుకుని సమాధానపడ్డా."

తిడితే బాగుండేది. రెండు నెలలుగా ఈ మనిషి తన జ్ఞాపకాన్ని తనే కాదనుకుని, పెళ్లాం చేతులు కాల్చింది నేనే అనుకుంటూ బతికాడు. నా మాటను నేనే నమ్మలేకపోతుంటే, ఆయన నమ్మాడు!

ఆ జాలీ దేంతో చేశావు బాబాయ్ అని అడిగాను. ఆయన గుమ్మం వైపు చూశాడు. వెంకటరావమ్మ పిన్ని అక్కడే నిలబడి ఉంది, కట్లు విప్పిన చేతులు కొంగులో దాచుకుని. కొత్త స్టీలు జల్లెడను ఆయన అడగకుండా సగానికి కోసి పట్టుకుపోయాడట. ఆ పూట పెద్ద గొడవే అయిందట. "కోసిన సంగతి నాకెరికే. కట్టాడో లేదో నాకేం తెలుసు" అంది ఆమె, ఆయన వంక చూడకుండా నాతోనే. లోపలికి వెళ్లి అటకమీది నుంచి మిగిలిన సగం జల్లెడ తెచ్చి నా ముందు పెట్టింది. వేళ్లు ఇంకా సరిగ్గా వంగడం లేదు.

ఎల్లుండి పొద్దున ఓనరుగారికి నిజం చెప్తాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. పోతే స్టూడియోలో నాకో స్టూలు వేసి ఉంచు, పెన్సిలు మాత్రం ఇవ్వకు.

నీ
ఫర్హానా


పర్చూరు,
12-2-2007

నాన్నా,

అయిపోయింది. అన్నీ ఒక్క ఊపున చెప్పేయాలని ఉంది గానీ వరసగా చెప్తాను.

ఓనరుగారికి ఒంటరిగా చెప్పాను. ఆయన అరవలేదు, అదే భయమేసింది. ఇప్పుడెందుకు చెప్తున్నావు అని మాత్రం అడిగారు. ఒక్క పొద్దుటిపూట గేటు నాకు ఇవ్వండి, ఆ రోజు నిలబడ్డ అందరినీ పిలిపించండి అన్నాను. ఆదెయ్యగారు ట్రాక్టరు ఇవ్వనని మొరాయించారు. బుల్లయ్య కాదు, వెంకటరావమ్మ పిన్ని వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చుంటే ఇచ్చారు. ఆమె ఎందుకు వెళ్లిందో నేను అడగలేదు.

నిన్న పొద్దున ఆరింటికి, ఆ రోజు లాంటి మంచే. హాలోజన్ దీపాలు ఆర్పేశాను. పాత కెమెరాను పాతచోటే, పాత మీట మీదే ఉంచాను. ట్యూబులైటు ఒక్కటే. గది నిండా మిల్లు జనం, బాపయ్య గేటు దగ్గర. బుల్లయ్య సగం జల్లెడను గొట్టం మూతికి కట్టాడు. మూడుసార్లు తీగ బిగించాడు, లాగి చూసుకున్నాడు. ఖాళీ ట్రక్కుతో గేటు దాటి లోపలికి వచ్చాడు.

టీవీలో అదే ఎర్రటి చార. అవే చుక్కలు, ఎనిమిది.

గదిలో ఎవరో "అదిగో నిప్పు" అన్నారు. ఓనరుగారు చెప్పులు కూడా వేసుకోకుండా బయటకు పరిగెత్తారు. గొట్టం మూతికి జల్లెడ గట్టిగానే ఉంది. రవ్వలు లేవు, పొగ కూడా సన్నగానే వస్తోంది. బాపయ్య గొట్టం వంకే కన్నార్పకుండా చూశానని, ఏమీ రాలేదని ప్రమాణం చేశాడు. బుల్లయ్య మాత్రం కిటికీలోంచి టీవీ చూసి, బండి దిగి, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. మళ్లీ నేనే చేశానా అన్నట్టుంది ఆ మొహం. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోను.

ఆయన్ని బతిమాలి మళ్లీ బయటకు పంపాను. దీపాలు వేశాను. కొత్త కెమెరా, అయిదువందలవ వంతు. బండి గట్టు ఎక్కి దిగి ఎదురుగా వచ్చింది. బొమ్మ ఆపాను.

ముప్ఫైమందీ టీవీ మీదికి వంగారు నాన్నా. పొగగొట్టం మూతి మీద సగం జల్లెడ ఉంది. దానికున్న కన్నాలు ఒకటొకటిగా కనిపిస్తున్నాయి. వెలుతురు దాని అంచు మీద పడి తళతళలాడుతోంది. ఇంజను అదురుకు అది వణుకుతున్నట్టు కూడా లేదు, ప్రపంచమంతా ఊపిరి బిగపట్టినట్టుంది. మేం నిప్పురవ్వలన్నవి నిప్పును ఆపే జల్లెడ మీది మెరుపులు. ఆయన జాగ్రత్తగా కట్టింది కాబట్టే మెరిసింది. జాలీ లేకపోతే ఆ చుక్కలే ఉండేవి కావు!

ఓనరుగారు బొమ్మ వంకే చూస్తూ, మరి ఆ రోజు అలా ఎందుకు చెప్పావు అని అందరి ముందూ అడిగారు.

"గొప్ప కోసం చెప్పానండి," అన్నాను. "నాకు కనపడలేదు. నిప్పు ఎలా పుట్టిందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. బుల్లయ్య బాబాయి వల్ల కాదు."

మిషన్లో రాయి పడి రవ్వ పుట్టిందో, ఎవరైనా చుట్ట కాల్చారో, అది ఇక తేలదు. తేలకపోయినా తేలినట్టు చెప్పను. ఓనరుగారు రేపటినుంచి బుల్లయ్య బండి గేటు దాటవచ్చని బాపయ్యకు చెప్పారు. మిగతా మిల్లులకు కూడా తనే ఫోను చేస్తానన్నారు. నన్ను తీసేయలేదు. "ఇకనుంచి చూపించు, చెప్పకు" అన్నారు. అంతకన్నా పెద్ద శిక్షా లేదు, పెద్ద జీతమూ లేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు వెంకటరావమ్మ పిన్ని టీవీకి మరీ దగ్గరగా వచ్చి నిలబడింది. "నా జల్లెడే" అంది, ఎవరితోనో కాదు, తనతోనే. తరవాత, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ బుల్లయ్య వైపు తిరిగింది.

"గట్టిగా అరిచి చెప్పొద్దా?" అంది. "ఇంట్లో అయినా చెప్పొద్దా? రెండు నెలలు నీకన్నం పెట్టా, ఒక్కసారి మొహంలోకి చూళ్ళా."

బుల్లయ్య తువ్వాలుతో మొహం అద్దుకుని బయటకు నడిచాడు. ట్రాక్టరును ఆదెయ్యగారికి అప్పగించాలి కదా, ఎక్కి స్టార్టు చేశాడు. ఆమె వెనకే వెళ్లింది. డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద ఆడవాళ్లు కూర్చోవడం ఈ పక్కన ఎవరూ చూసి ఉండరు. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కి కూర్చుంది. మిల్లంతా చూస్తుండగా బండి గేటు దాటిపోయింది. రోడ్డు మీద బండి తిప్పుకోవడానికి ఆయన ఒకసారి వెనక్కి తీసి, కొత్త కెమెరాకు ఎదురుగా వచ్చి పక్కకు మళ్లాడు.

ఆ బొమ్మ ప్రింటు తీయించి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. కాగితం సాధారణందే, ఇక్కడ అంతకన్నా మంచిది దొరకలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతురు దగ్గర చూడు. దానిమీద నేనేమీ దిద్దలేదు. బండి కదులుతూనే ఉంది, నన్ను నమ్ము, చక్రాల కింద దుమ్ము లేస్తోంది చూడు. పిన్ని కాలిన చెయ్యి బాబాయి భుజం మీద ఉంది. అయిదు వేళ్లూ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

అమ్మకు కూడా చూపించు.

నీ
ఫర్హానా